పేరు లేని పాత శాక్సఫోన్ మౌత్‌పీస్: ఎవరిదో, ఎప్పటిదో తేల్చుకోవడం ఎలా

పాత శాక్సఫోన్ పెట్టెలో పేరూ అంకె లేని మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) కనబడగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని వేడినీళ్లతో కడగడం. ఆ ఒక్క పనితో చూడాల్సినవి సగం పోతాయి. అక్షరాల గాడుల్లో మిగిలిన బంగారు రంగు, లిగేచర్ (రీడ్‌ను, అంటే ఊదితే కంపించే రెల్లు పలకను, బిగించే పట్టీ) ఏళ్ల తరబడి కూర్చున్న మచ్చ, షాంక్ (వాద్యం మీదికి ఎక్కే గొట్టం భాగం) లోపల కార్క్ గ్రీజు గీసిన గీత, ఇవన్నీ ఆధారాలే. కడగడం ఆఖరి పని.

మౌత్‌పీస్ మీద పేరు లేకపోవడానికి చాలావరకు ఈ నాలుగింటిలో ఒకటి కారణం. మొదటిది, అసలే వేయకపోవడం. శాక్సఫోన్‌తో పాటు పెట్టెలో ఉచితంగా ఇచ్చినవి, దుకాణాల కోసం టోకున చేసినవి చాలా అలాగే వచ్చాయి. రెండోది, పైపైన అచ్చువేసిన పేరు చేతుల్లో అరిగిపోవడం. మూడోది, ఫేసింగ్ (రీడ్ నుంచి కొస దాకా దూరం జరిగే వంపు) మళ్లీ చేయించినప్పుడు టేబుల్ (రీడ్ ఆనే చదును భాగం) మీది గుర్తు అరగదీతలో పోవడం. నాలుగోది కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సింది: కొత్త బ్లాంకును (పేరు వేయని ముడి మౌత్‌పీస్‌ను) పాతదని అమ్మడం. మీ చేతిలో ఉన్నది వీటిలో ఏదో తెలిస్తే పని సగం అయినట్టే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

వెర్నియర్ క్యాలిపర్ (ప్లాస్టిక్ దవడలది మేలు, ఉక్కుది టిప్ అనే ముందు కొస అంచును చెక్కేస్తుంది), 10 రెట్ల భూతద్దం, సన్నటి టార్చి, మందపాటి చదునైన గాజుముక్క, మెకానిక్కులు ట్యాపెట్లు సెట్ చేసే ఫిల్లర్ గేజ్, చెవిపుల్లలు, టాల్కమ్ పౌడర్, 0.1 గ్రాము చూపే త్రాసు. వీటితో పాటు సోప్రానో, ఆల్టో, టెనర్ (చిన్నదాని నుంచి పెద్దదాకా శాక్సఫోన్ రకాలు) రీడ్లు ఒక్కొక్కటి. పాతవైనా పరవాలేదు, అంచు విరగనివి అయితే చాలు.

1. ఇది ఏ వాద్యానిది?

ముందు క్లారినెట్ మౌత్‌పీసులను పక్కకు తీయండి. క్లారినెట్ మౌత్‌పీస్ అడుగున కార్క్ చుట్టిన మెడ ఉంటుంది, అది వాద్యం లోపలికి దిగుతుంది. శాక్సఫోన్‌ది బోలుగా ఉండి, నెక్ (వాద్యం పైచివరి వంపు గొట్టం) మీది కార్క్‌ను తనలోకి తీసుకుంటుంది. బ్యాండు మేళాల పాత పెట్టెల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి. కార్క్ ఊడిన క్లారినెట్ మౌత్‌పీస్‌ను సోప్రానో శాక్సఫోన్‌దని పొరబడటం చాలా మామూలు.

తర్వాత రీడ్లతో కొలవండి. రీడ్‌ను టేబుల్ మీద పెట్టి టిప్ అంచుకు సరిచేయండి. సరైన రీడ్ అయితే రెండు పక్కలా రైల్స్ (రీడ్ కింది తెరపుకు అటూ ఇటూ ఉన్న సన్నటి అంచులు) బయటి అంచుతో సమంగా నిలుస్తుంది, టిప్ వంపు కూడా కలుస్తుంది. రీడ్ వెడల్పు తక్కువైతే పక్కన రైల్ కనబడుతుంది, ఎక్కువైతే బయటికి పొడుచుకొస్తుంది. షాంక్ బోర్ (లోపలి రంధ్రం) కొలత ఇక్కడ అంతగా పనికిరాదు. సోప్రానోది సుమారు 12–13 మి.మీ. కాబట్టి వెంటనే తేలిపోతుంది కానీ, ఆల్టో, టెనర్ బోర్లు రెండూ దాదాపు 15.5–16.5 మి.మీ. మధ్యే ఉంటాయి. ఆల్టో మౌత్‌పీస్ టెనర్ నెక్ మీద ఎక్కినంత మాత్రాన అది టెనర్‌ది అయిపోదు.

ఆల్టో రీడ్ చిన్నదై, టెనర్ రీడ్ పెద్దదైతే సి-మెలొడీని (ఆల్టోకూ టెనర్‌కూ మధ్య సైజు శాక్సఫోన్) అనుమానించండి. పియానో స్వరలిపిని మార్చుకోకుండా నేరుగా చూసి వాయించుకోవచ్చని 1920లలో అమెరికన్ ఇళ్లల్లో సి-మెలొడీ శాక్సఫోన్లు బాగా అమ్ముడయ్యాయి. ఆ తర్వాత మోజు తగ్గింది, మౌత్‌పీసులు మాత్రం మిగిలాయి. పేరు లేకుండా ‘పాత టెనర్’ అని అమ్మకానికి వచ్చేవాటిలో ఇవి కొన్ని ఉంటాయి. టెనర్ మీద పెడితే పై స్వరాలు శ్రుతి తప్పుతాయి, కొన్నవాళ్లు వాద్యంలో లోపం వెతుకుతారు.

2. దేనితో చేశారు?

పాత నల్ల మౌత్‌పీసుల్లో ఎక్కువ భాగం ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురు తగిలిన కొద్దీ దాని పైపొరలోని గంధకం గాలితో కలిసి మారుతుంది, నలుపు కాస్తా ఆకుపచ్చ, గోధుమ రంగుల్లోకి దిగుతుంది. బొటనవేలితో గట్టిగా పది పదిహేనుసార్లు రుద్ది వాసన చూడండి, అగ్గిపుల్ల గీసినప్పటి వాసన వస్తే ఎబొనైట్. ప్లాస్టిక్‌కు ఆ వాసన రాదు, ఆ ఆకుపచ్చా రాదు. బరువుతో మాత్రం తేల్చకండి, ఎబొనైట్, అక్రిలిక్ రెండింటి సాంద్రతా దాదాపు ఒకటే. వేడి సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు. ఆ గుచ్చిన గుర్తు ఇక పోదు, ఆ పని చేయొద్దు. ‘బేకలైట్’ అన్న అమ్మకందారు మాటను కూడా గంధకం వాసన చూశాకే నమ్మండి, ఎబొనైట్‌నే ఆ పేరుతో పిలవడం అలవాటైపోయింది.

ఆకుపచ్చ ఎక్కడెక్కడ ఉందో జాగ్రత్తగా చూడండి. లిగేచర్ కింద దాగిన చోట నలుపు మిగిలి, చుట్టూ ఆకుపచ్చ ఉంటే అది ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నదని అర్థం. వేడినీళ్లు పడిందైతే తడిసినంత మేరా, లోపలితో సహా, ఒకే రకమైన పచ్చదనం కనిపిస్తుంది. మొత్తం ఆకుపచ్చగా ఉండి టేబుల్, రైల్స్ మాత్రమే నల్లగా మెరుస్తుంటే అక్కడ ఈమధ్యే ఎవరో అరగదీశారు. ఒళ్లంతా ఒకే నలుపుతో నిగనిగలాడుతుంటే పాలిష్ పెట్టారు, లేదా అది పాతదే కాదు.

తెలుపు, దంతం రంగు ప్లాస్టిక్ కనబడితే మౌత్‌పీసుల తయారీదారు ఆర్నాల్డ్ బ్రిల్‌హార్ట్ గుర్తుకు రావాలి. ఆయన దంతపు రంగులో చేసింది టోనలిన్, నల్లగా చేసి పంటి కింద తెల్ల పలక పెట్టింది ఎబొలిన్. అసలైనవాటిలో చాలావాటికి సీరియల్ అంకె ఉంటుంది, అరిగిపోయినా వంపు వెలుతురులో బయటపడుతుంది. టోనలిన్ షాంక్ నిలువునా పగలడం సాధారణం కాబట్టి టార్చి లోపల పెట్టి ముందు పగుళ్లు చూడండి.

లోహమైతే చాలావరకు ఇత్తడి మీద బంగారు లేదా వెండి పూత. పూత పోయిన అంచుల దగ్గర పసుపు కనిపిస్తుంది. ఎక్కడ అరిగినా లోపల కూడా ఒకే తెలుపైతే స్టెయిన్‌లెస్ స్టీలు కావచ్చు, ఇంగ్లండుకు చెందిన బెర్గ్ లార్సెన్ ఆ లోహంతో చాలా చేసింది. గోరు గట్టిగా నొక్కితే భయం వేసేంత మెత్తగా, బూడిద తెలుపుగా, పాత దెబ్బల సొట్టలతో ఉంటే బాబీ డ్యూకాఫ్ అనే తయారీదారు వాడిన సిల్వరైట్ లాంటి మిశ్రమం. సందేహం తీరకపోతే త్రాసు మీద బరువు చూసి, దారంతో నీళ్లలో వేలాడదీసి మళ్లీ చూడండి. పొడి బరువును ఆ రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇత్తడికి 8.4–8.7, స్టెయిన్‌లెస్‌కు 7.9 దరిదాపు. పంటి పలక ఉన్నవాటిలో ఈ లెక్క కొంచెం తక్కువ చూపుతుంది. నీళ్లలో ముంచాలి కాబట్టి ఈ పరీక్ష మిగిలినవన్నీ అయ్యాకే.

చెక్కవి అరుదు. శాక్సఫోన్ కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు పొందిన కాలపు మౌత్‌పీసులు చెక్కవే. పోగు కనబడితే, సన్నటి బీటలుంటే, ఇక ఇంట్లో పరీక్షలు ఆపి పాత వాద్యాలు తెలిసినవారికి చూపించండి.

3. మాయమైన పేరు కోసం వెతకడం

గది చీకటి చేసి టార్చిని మౌత్‌పీస్ ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పట్టండి. నెమ్మదిగా తిప్పుతూ ఈ చోట్లు చూడండి: షాంక్ చుట్టూ, బీక్ (పై పళ్లు ఆనే వాలు) పైభాగం, రెండు పక్కలు, లిగేచర్ కూర్చునే చోటు, టేబుల్ కింది చివర, షాంక్ చివరి గుండ్రటి అంచు. ఎక్కడైనా గీత అనిపిస్తే చిటికెడు టాల్కమ్ పౌడర్ వేసి వేలితో అద్దండి, లోతున్న చోట తెల్లగా నిలుస్తుంది. ఫోనుతో ఫొటో తీసి రంగులు తిరగేసి చూస్తే కంటికి అందని అక్షరం కూడా ఒక్కోసారి చదవగలం.

ఒక్క అంకె దొరికినా దానితో చాలా తెలుస్తుంది. 100/2 లాంటి గుర్తు బెర్గ్ లార్సెన్ పద్ధతి. మొదటిది అంగుళంలో వెయ్యో వంతుల్లో టిప్ ఓపెనింగ్ (టిప్‌కూ రీడ్‌కూ మధ్య ఖాళీ), రెండోది 0 నుంచి 3 దాకా ఛాంబర్ (మౌత్‌పీస్ లోపలి గది) రకం, 0 అన్నిటికన్నా పదునుగా మోగేది. సి అక్షరం పక్కన నక్షత్రం ఉంటే ఫ్రెంచ్ కంపెనీ సెల్మర్ వైపు చూపు మళ్లించండి. పాత సెల్మర్లలో కొన్నింటికి ఈ ఫేసింగ్ అక్షరాన్ని టేబుల్ మీదే కొట్టేవారు. రీఫేసింగ్‌లో మొదట పోయేది అదే.

4. లోపలి ఆకారం

ఈ అంచె దగ్గర తొందరపడకండి. బయటి ఆకారాన్ని ఎవరైనా లేత్ మీద మార్చగలరు, షాంక్ కోయగలరు, రింగు పీకేయగలరు. లోపలిని అచ్చుపోసినట్టు మార్చడం కష్టం. మా దృష్టిలో పేరు లేని మౌత్‌పీస్‌కు అసలైన సంతకం ఛాంబరే.

విండో (రీడ్ కింద ఉండే తెరపు) వైపు నుంచి వెలుతురు వేసి షాంక్ రంధ్రంలోంచి చూడండి. తర్వాత చెవిపుల్లను షాంక్‌లోంచి గోడను తాకిస్తూ ముందుకు నెట్టండి. మూడింటిలో ఒకటి జరుగుతుంది. బోర్ ముగిసే చోట పుల్ల గుంతలోకి జారినట్టు దిగితే ఛాంబర్ బోర్ కన్నా వెడల్పు, అంటే లోపల తొలిచిన పెద్ద గుండ్రటి ఛాంబర్. ఏ అడ్డూ లేకుండా సాఫీగా సాగితే మధ్యస్థం. గట్టు తగిలి ఆగితే చిన్న ఛాంబర్. ఆ గట్టు లోపలి అంచు ఏ ఆకారంలో ఉందో చూడండి: పూర్తి వలయమా, ఒక పక్క వంపూ ఒక పక్క చదునూ ఉన్న గుర్రపునాడానా, నాలుగు పలకలా?

పెద్ద గుండ్రటి ఛాంబర్, పక్క గోడలు లోపలికి తొలిచి, బాఫిల్ (టిప్ వెనక, రీడ్‌కు ఎదురుగా ఉండే లోపలి వాలు) తక్కువగా ఉంటే 1930లకు ముందటి పద్ధతి. కాన్, బుషర్, మార్టిన్ లాంటి అమెరికన్ కంపెనీలు శాక్సఫోన్‌తో ఇచ్చిన మౌత్‌పీసులు ఎక్కువగా ఈ జాతివే. అడాల్ఫ్ సాక్స్ మొదట గీసింది కూడా ఇలాంటి విశాలమైన ఛాంబరే. పెద్ద డాన్స్ బ్యాండ్లలో ట్రంపెట్ల మధ్య శాక్సఫోన్ వినబడాల్సి వచ్చినప్పుడు ఛాంబర్లు చిన్నవయ్యాయి, టిప్ వెనక బాఫిల్ ఎత్తు పెరిగింది. అందుకే చిన్న ఛాంబర్, ఎత్తు బాఫిల్ ఉన్నదాన్ని 1920ల నాటిదని అమ్మేవారిని ఇంకో ఆధారం అడగండి.

గుర్రపునాడా ఆకారం సెల్మర్ సోలోయిస్ట్ లక్షణం, నాలుగు పలకల ఛాంబర్ సెల్మర్ ఎస్80ది. మధ్యస్థ గుండ్రటి ఛాంబర్, టిప్ దగ్గర మెల్లగా ఉబ్బి వెనక్కి జారే బాఫిల్ ఉన్న ఆల్టో మౌత్‌పీస్ మెయర్ అనే బ్రాండు కుటుంబానికి దగ్గర. అయితే ఇవి పోలికలే. మెయర్ నమూనాను అనుకరించినవాళ్లు లెక్కలేనంతమంది.

ఇప్పుడు పనిముట్ల జాడలు. భూతద్దంలో ఛాంబర్ గోడల మీద ఒకదాని పక్కన ఒకటిగా వలయాలు కనబడితే లేత్ పని. అడ్డదిడ్డంగా గీతలుంటే చేతి ఆకురాయి. గాజులా నునుపుగా, మూలలు కాస్త గుండ్రంగా ఉంటే అచ్చు. బాఫిల్ మీద రంగు కొంచెం తేడాగా, చుట్టూ వెంట్రుకంత గీతతో ఒక మచ్చ ఉందంటే ఎవరో ఎపాక్సీ నింపి బాఫిల్ ఎత్తు పెంచారు. అప్పుడు కనిపించే ఆకారం చేసినవారిది కాదు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి.

5. బయటి ఆకారం

దీన్ని త్వరగా ముగించవచ్చు. షాంక్ పొడవు, దాని మీది గాడులు, లోహపు రింగు ఉందా, ఊడిందా (ఊడితే ఒక మెట్టులాంటి గాడి మిగులుతుంది), బీక్ వాలు నిటారా పల్లమా, పంటి పలక ఉందా అన్నవి రాసుకోండి. షాంక్ చివర లేత్‌తో కోసినంత పదునుగా ఉండి, అక్కడ రంగు మాత్రం కొత్తగా ఉంటే కుదించారు. శ్రుతి దిగక కోయించుకున్నవాళ్లు ఉన్నారు.

6. ఫేసింగ్ కొలత

ముందు టేబుల్‌ను గాజు మీద ఆనించి వెనక నుంచి వెలుతురు పెట్టండి. మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడితే టేబుల్ కాస్త పల్లం. అది తప్పేమీ కాదు, కొందరు కావాలనే అలా చేస్తారు. ఒక పక్క మాత్రమే వెలుగు వస్తే మెలితిరిగింది. వేడి తగిలిన ఎబొనైట్‌కు పట్టే రోగం ఇదే.

ఫిల్లర్ గేజ్‌లోని 0.04 మి.మీ. ఆకును గాజుకూ రైల్స్‌కూ మధ్య టిప్ వైపు నుంచి జార్చండి, ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి టిప్ దాకా కొలిస్తే ఫేసింగ్ పొడవు. ఆల్టోలో సుమారు 18–23 మి.మీ., టెనర్‌లో 22–27 మి.మీ. సాధారణం. ఆకును తోయకూడదు, దాని బరువుతోనే ఆగాలి. రెండు రైల్స్ దగ్గరా వేర్వేరుగా చూసి, తేడా అర మిల్లీమీటరు దాటితే రాసుకోండి. పాత పుస్తకాల్లో, పనివాళ్ల కార్డుల్లో ఈ పొడవు రెట్టింపు అంకెగా ఉంటుంది: 22 మి.మీ.ను 44 అని రాస్తారు.

టిప్ ఓపెనింగ్ కోసం గాజు అంచు టిప్‌ను దాటేలా పెట్టి, గాజుకూ టిప్ అంచుకూ మధ్య పట్టేంత వరకు ఆకులు కలిపి పెట్టండి. మిల్లీమీటర్లను 0.0254తో భాగిస్తే అంగుళంలో వెయ్యో వంతులు వస్తాయి. 1920ల ఆల్టోలు తరచూ 1.3–1.5 మి.మీ. దగ్గర, నేటి అలవాటుకు ఇరుకుగా ఉంటాయి. పోల్చుకోవడానికి: సెల్మర్ ఎస్80 సి-స్టార్ ఆల్టో 1.70 మి.మీ., మెయర్ 5 ఆల్టో 1.80 మి.మీ. (71 వెయ్యో వంతులు), ఆటో లింక్ అనే బ్రాండు 7 టెనర్ 2.54 మి.మీ. (100).

ఇక్కడే ఒక చిక్కు. పెద్ద ఛాంబర్ ఉన్న పాత ఆల్టో టిప్ 2 మి.మీ. చూపిస్తే అది అసలైన ఫేసింగ్ అయ్యే అవకాశం తక్కువ, తర్వాత ఎవరో తెరిచారు. టిప్ రైల్ ఒకచోట సన్నం, ఒకచోట మందం, టేబుల్ మీద అడ్డగీతలు, ఆకుపచ్చ మధ్య నలుపు, ఇవి కూడా ఉంటే అనుమానం అక్కర్లేదు. అలాంటప్పుడు టిప్ కొలత గుర్తింపుకు పనికిరాదు, వాయించడానికి మాత్రమే పనికొస్తుంది.

7. పేరు చెప్పడానికి ముందు

1919లో మొదలైన ఇండియానా రాష్ట్రం ఎల్కార్ట్‌లోని జె.జె. బాబిట్ కంపెనీ ఎన్నో దుకాణాలకు, వాద్యాల కంపెనీలకు వాళ్ల వాళ్ల పేర్లతోనూ, పేరు లేకుండానూ మౌత్‌పీసులు చేసి ఇచ్చింది. జర్మనీలో జిన్నర్ కూడా ఇతర తయారీదారులకు బ్లాంకులు సరఫరా చేసింది. ఒకే బ్లాంకు మీద పది పేర్లు ఉండొచ్చు. అందుకే మీకు దొరికే నిజాయితీ గల జవాబు చాలాసార్లు ఒక బ్రాండు పేరుగా కాక ఒక కుటుంబంగా ఉంటుంది: ‘1920ల అమెరికన్ పెద్ద ఛాంబర్ ఆల్టో, ఎబొనైట్, ఫేసింగ్ మార్చారు’. అమ్మేటప్పుడు ఇంతే రాయండి. కొనేటప్పుడు ఇంతకన్నా ఎక్కువ చెప్పేవారిని ఫొటో అడగండి: షాంక్ లోంచి ఛాంబర్, టేబుల్ నేరుగా, టిప్ ఎదురుగా. ఈ మూడూ లేని ప్రకటనకు పేరున్న మౌత్‌పీస్ ధర పెట్టకూడదు.

పేరున్న మౌత్‌పీస్‌తో పోల్చేటప్పుడు కనీసం మూడు విషయాలు విడివిడిగా కలవాలి: ఛాంబర్ ఆకారం, షాంక్ రూపురేఖలు, మొత్తం పొడవు లేదా బరువు. ఫేసింగ్, రంగు ఈ మూడింటిలోకి రావు. ఒక్కటి స్పష్టంగా కలవకపోయినా పేరు వదిలేయండి. చూసిన ప్రతిదాన్నీ ఒక కార్డు మీద రాసి, పక్కన ‘నిశ్చయం’, ‘చాలావరకు’, ‘ఊహ’ అని వేరు చేసి పెట్టుకోండి. రేపు అలాంటిదే పేరుతో సహా కనబడినప్పుడు ఆ కార్డే తాళంచెవి.

8. ఇప్పుడు కడగండి

చన్నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి కుంచె. లోపల పేరుకున్న తెల్ల పెచ్చుకు ఒక వంతు వెనిగర్, రెండు వంతుల నీళ్లు కలిపి చెవిపుల్లతో అద్ది, రెండు మూడు నిమిషాల్లో కడిగేయండి. నానబెట్టకండి. ఆకుపచ్చ పోవాలని బ్లీచింగ్ వాడినవాళ్లకు మిగిలేది గరుకుదేరిన ఉపరితలం, అరిగిన అక్షరాలు. పూత ఉన్న లోహానికి బ్రాసో లాంటి పాలిష్ వద్దు, అది మురికితో పాటు పూతనూ తీసుకుపోతుంది. పూత పోయి పచ్చటి చిలుము పట్టిన ఇత్తడిని మళ్లీ పూత వేయించేదాకా నోట్లో పెట్టకండి.

నీడలో ఆరబెట్టి, గుడ్డసంచిలో వేసి, ఎండ పడని చోట పెట్టండి. వెండి పూత ఉన్న లిగేచర్‌ను అదే సంచిలో వేయొద్దు, ఎబొనైట్ నుంచి వచ్చే గంధకం దాన్ని నల్లబరుస్తుంది.